ఆర్కిడ్ల మీద రాస్తున్న తమ్మునికి

హనుమకొండ

ప్రియమైన తమ్ముడూ,

డాబా మీది గ్రీన్‌హౌస్‌లో ఆర్కిడ్లు పెంచడం గురించి నీవు రాసి పంపిన పన్నెండు పేజీల వ్యాసం చేరింది. మూడో పేజీలో, "చలికాలం రాత్రులు హీటరు పెట్టుకొని ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు తగ్గకుండా చూసుకోవాలి" అన్న వాక్యం దగ్గరకు వచ్చేసరికి కాగితాలు పక్కన పెట్టేశాను. కవరు మీద నీ చిరునామా కాజీపేట అని ఉంది. కాజీపేటలో డాబా మీద మొక్కలు పెంచుకునేవాళ్లకు గండం జనవరిలో వస్తుందా, మే నెలలో వస్తుందా? జనవరిలో చలి గట్టిగా పడినప్పుడు నీళ్లు తగ్గించి, ఉత్తరం వైపు ఒక పరదా దించుకుంటే డెండ్రోబియం, వాండా జాతుల ఆర్కిడ్లు ఆ చలిని దాటేస్తాయి. ఆ వాక్యం మన గాలిలో పుట్టింది కాదు. మంచు కురిసే దేశంలో ఎవరో తమ ఇంటి కోసం రాసుకున్న జాగ్రత్తను నీవు కాజీపేటకు మోసుకొచ్చావు.

మర్నాడు మళ్లీ తీసి మిగతాది చదివాను. పదకొండో పేజీలో, మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగిపోతే, మీ అమ్మ పాత నేత చీరలను బకెట్లో ముంచి, పిండకుండానే తెచ్చి షేడ్ నెట్ (నీడ కోసం కట్టిన వల) మీద పరిచిందని రాశావు. నీళ్లు కారి కింద శ్లాబు మీద పడగానే ఆవిరి లేచిందని కూడా రాశావు. ఆ పేరా బాగుంది. అది లేకపోతే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

ఆ పేరా ఎందుకు బాగుందో నీకు తెలిసినట్టు లేదు. తెలిస్తే దాన్ని పదకొండో పేజీలో దాచేవాడివి కాదు. అందులో ఒక నెల పేరు ఉంది. మిగతా పేజీల్లో ఎక్కడా నెల పేరు లేదు. "తగినంత తేమ ఉండాలి", "మితంగా నీళ్లు పోయాలి", "వెలుతురు ఉండే చోట పెట్టాలి" అన్నావు. ఏ నెలలో తగినంత, ఏ నెలలో మితం? తోటపని గురించి రాసే ప్రతి పేరాలో ఒక నెల పేరో, ఒక కార్తె పేరో ఉండి తీరాలని నేను రాయడం మొదలుపెట్టిన నాటి నుంచి నమ్ముతున్నాను, ఆ నమ్మకం మీద ఎందరితోనో తగవు పడ్డాను, ఇప్పటికీ పడుతున్నాను. మీ అమ్మ పరిచిన తడి చీరనే చూడు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మన గాలి ఎండిపోయి ఉంటుంది, అందుకే చీరలోని నీరు వేగంగా ఆవిరై చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. గడ్డి కూలరు చేసే పనీ ఇదే. అదే చీరను ఆగస్టులో పరిస్తే, అప్పటికే తేమతో నిండి ఉన్న గాలిలో అది ఆరదు, చల్లబరచదు, పైగా గాలి ఆడకుండా అడ్డుపడి ఆకుల మొదళ్లలో కుళ్లు తెస్తుంది. మే నెలలో మొక్కను కాపాడిన పనే ఆగస్టులో మొక్కను చంపుతుంది. నెల పేరు తీసేసి "తడి గుడ్డ పరవాలి" అని మాత్రమే రాస్తే, ఆ వాక్యం చదివి ఎవరో ఒకరు మొక్కను పోగొట్టుకుంటారు.

ఈ జబ్బు నీతో మొదలైంది కాదు. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఇంగ్లండ్‌లో, ఉష్ణదేశాల మొక్కలంటే ఎడతెగని వేడి, ఉక్కపోత కావాలని నమ్మి, బొగ్గుతో వేడిచేసిన గాజు గదుల్లో కిటికీలన్నీ బిగించి ఆర్కిడ్లను పెట్టేవారు. వాటిలో చాలా మొక్కలు చల్లని కొండల మీద, గాలి బాగా ఆడే చోట, చెట్ల కొమ్మల మీద పెరిగినవి. అవి గంపలకొద్దీ చచ్చిపోయాయి. చాట్స్‌వర్త్‌లో డెవన్‌షైర్ ప్రభువు తోటలు చూసిన జోసెఫ్ పాక్స్టన్ 1830లలో గదుల వేడి తగ్గించి, గాలి ఆడనిచ్చి, ఏ చోటు నుంచి వచ్చిన మొక్కకు ఆ చోటుకు తగిన గది ఏర్పాటు చేసిన తర్వాత గాని అవి కుదురుకోలేదు. ఆయన పంపిన జాన్ గిబ్సన్ అనే తోటమాలి 1837లో మన మేఘాలయలోని ఖాసీ కొండల నుంచే ఎన్నో ఆర్కిడ్లను అక్కడికి చేర్చాడు. మొక్క ఎక్కడిదో, ఆ చోట ఏ కాలం ఎలా ఉంటుందో అడగకుండా పెంచితే ఎంత డబ్బున్న ప్రభువుకైనా మొక్క దక్కలేదు. ఎండను లోపలికి రానిచ్చి వేడిని బయటికి పోనివ్వని గాజు గది వాళ్ల చలికి మందు. మన ఊళ్లో అదే గది ఏప్రిల్ నుంచి జూన్ దాకా పొయ్యి అవుతుంది. మనకు కావలసింది నాలుగు వైపులా గాలి ఆడే షేడ్ నెట్ పందిరి. ఆ మాట నీ వ్యాసంలో మొదటి పేజీలోనే రావాలి.

ఐదో పేజీలో "ఆర్కిడ్లు రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తాయి కాబట్టి పడకగదికి మంచివి" అన్నావు. ఈ మాట మీద నాకు పాత కోపం ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక వారపత్రికకు మే నెల రాత్రుల గురించి ఒక వ్యాసం పంపాను. అప్పట్లో నేను అద్దె ఇంట్లో ఉండేదాన్ని. పైన కుండీల్లోంచి కారిన నీళ్లు కింది వరండాలో పడుతున్నాయని ఇంటి యజమానురాలు రోజూ గొడవ పెట్టేది, బడి నుంచి వచ్చి, వంట ముగించి, అందరూ పడుకున్నాక డాబా మీద కూర్చొని రాసుకునేదాన్ని. ఆ వ్యాసాన్ని సంపాదకుడు సగానికి కోసి, నేను రాయని ఆక్సిజన్ మాటను అందులో చేర్చి, "మే" అన్న చోటల్లా "వేసవి" అని మార్చి, నేను రాసింది డెండ్రోబియం గురించి అయితే సింబిడియం అనే వేరే ఆర్కిడ్ బొమ్మ వేసి అచ్చు వేశాడు. అలంకారానికి పెంచే పెద్ద పూల సింబిడియం పూయాలంటే చల్లని రాత్రులు కావాలి, మన ఎండల్లో దాన్ని పెంచి పూలు చూడాలనుకోవడం వృథా ప్రయాస. ఆ బొమ్మ చూసి ఆ మొక్కనే కొనుక్కున్న పాఠకులు నాకు ఉత్తరాలు రాశారు. ఉత్తరాలన్నీ నాకే వచ్చాయి, ఆ సంపాదకుడికి ఒక్కటీ పోలేదు. "మొక్కల వ్యాసంలో రాత్రి గోల ఎందుకమ్మా, పువ్వు గురించి రాయండి" అని ఆయన నాతో అన్నాడు.

రాత్రి గోల ఎందుకో నీకు చెబుతాను. ఫెలనాప్సిస్, వాండా, డెండ్రోబియంలలో చాలా రకాలు పగలు ఆకుల మీది పత్రరంధ్రాలను మూసుకొని నీటిని కాపాడుకుంటాయి. రాత్రి చల్లబడ్డాక వాటిని తెరిచి కార్బన్ డయాక్సైడును తీసుకొని, ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి, తెల్లవారి వెలుగు వచ్చాక దానితో ఆహారం తయారు చేసుకుంటాయి. ఆక్సిజన్ వెలువడేది వెలుగు ఉన్నప్పుడే, రాత్రి కాదు. అంటే ఈ మొక్కలకు రాత్రే భోజన సామగ్రి ఇంటికి తెచ్చుకునే సమయం. మే నెలలో మన డాబా శ్లాబు పగలంతా ఎండను తాగి, అర్ధరాత్రి దాటేవరకు ఆ వేడిని వదులుతూనే ఉంటుంది. పెరట్లో నేల మీద ఉన్న మొక్కకు సాయంత్రమే దొరికే చల్లదనం డాబా మీది మొక్కకు తెల్లవారుజామున గాని దొరకదు. మధ్యాహ్నపు 43 డిగ్రీల గురించి అందరూ రాస్తారు. రాత్రి పదకొండు గంటలకు శ్లాబు మీద అరచేయి ఆనించి, అది ఇంకా ఎంత వేడిగా ఉందో రాసినవారు నాకు కనబడలేదు. పొద్దుగుంకాక మొక్కల మీద కాక శ్లాబు మీద నీళ్లు చల్లాలని, ఆకుల సందుల్లో నీరు రాత్రంతా నిలిస్తే మొవ్వు కుళ్లుతుందని, మొక్కకు నీళ్లు పోయడం తెల్లవారగానే ముగించాలని అప్పుడు చెబితే పాఠకుడికి కారణం కూడా తెలుస్తుంది.

నీళ్ల గురించి నీవు రాసిన పేజీ మొత్తం తిరిగి రాయి. డాబా మీది ట్యాంకు నుంచి మే మధ్యాహ్నం నల్లా తిప్పితే వచ్చే నీళ్లు చేతికే చురుక్కుమంటాయి, వేళ్లకు ఏం చేస్తాయో వేరే చెప్పాలా? తెల్లవారుజామున బకెట్లు నింపి నీడన పెట్టుకోవాలి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆకుల మీద తెల్లని చారలు, కుండీలోని ఇటుక ముక్కల మీద తెల్లని పొక్కు కట్టడం నీవూ చూసే ఉంటావు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన నీళ్లు పట్టి దాచుకోవడం గురించి ఒక్క ముక్కైనా రాయకుండా, "19:19:19 ఎరువు కలిపి పిచికారీ చేయాలి" అని ముగించావు. ఉప్పు నీళ్లలో ఎరువు కలిపితే ఉప్పు మీద ఉప్పు పోసినట్టే కదా.

వేళ్ల గురించి అసలే రాయలేదు. పువ్వు గురించి నాలుగు పేజీలు రాశావు. ఆర్కిడ్ పువ్వు మహా అయితే రెండు మూడు నెలలు నిలుస్తుంది, వేరు ఏడాది పొడవునా మనతో మాట్లాడుతుంది. ఎండిన వేరు వెండి తెలుపులో ఉంటుంది. దాని మీద నీళ్లు పడితే, చూస్తుండగానే తెలుపు లోపల్నుంచి ఆకుపచ్చ పైకి తేలుతుంది, ఎందుకంటే పైన ఉన్న స్పంజి లాంటి మృతకణాల పొర నీటిని పీల్చుకొని పారదర్శకం అవుతుంది. ఇంకా దగ్గరగా చూడు, వేరు కొనను చూడు. పెరుగుతున్న వేరు కొన నున్నగా, ఆకుపచ్చగానో ఎర్రగానో నిగనిగలాడుతుంది. మే నెల ఎండకు ఆగిపోయిన వేరు కొనను తెల్లపొర కప్పేస్తుంది. మృగశిర కార్తె వచ్చి, రెండు వానలు పడి, గాలి మెత్తబడ్డాక ఆ పొరను చీల్చుకొని ఆకుపచ్చ కొన మళ్లీ బయటికి వస్తుంది. ఎరువు మొదలుపెట్టడానికీ, కుండీ మార్చడానికీ అదే సమయం. నీ డాబా మీద ఇది ఏటా జరుగుతూనే ఉంది, నీవు చూసే ఉంటావు, కానీ పుస్తకాల్లో లేదు కాబట్టి రాయతగినది కాదనుకున్నావు.

ఫెలనాప్సిస్ "ఏడాది పొడవునా పూస్తుంది" అన్న వాక్యం కూడా కొట్టేయి. నర్సరీవాళ్లు చల్లబరిచిన గదుల్లో పూయించి పంపేవి కాబట్టి ఏ నెలలో చూసినా దుకాణంలో పువ్వు ఉంటుంది. మన పందిట్లో పూలకాడ రావాలంటే కొన్ని వారాలపాటు వేడి 25 డిగ్రీల చుట్టుపక్కలకు దిగాలి. మనకు ఆ చల్లదనం కార్తీకం దాటాకే వస్తుంది, కాడ డిసెంబరు, జనవరి నెలల్లో కనబడుతుంది. దుకాణంలో జూలైలో పువ్వుతో కొన్నవారు ఆ తర్వాతి నెలల్లోనే మళ్లీ పువ్వు కోసం ఎదురుచూసి, మొక్క గొడ్డుపోయిందని పారేస్తున్నారు. ఈ ఒక్క సంగతి నెల పేర్లతో సహా సరిగా రాస్తే నీ వ్యాసం ఎన్నో మొక్కల ప్రాణం నిలుపుతుంది.

ఇప్పుడు సంపాదకులకు "ఐదు చిట్కాలు", "ఏడు సూత్రాలు" కావాలి. ఏ నెలలోనైనా మళ్లీ వేసుకోవడానికి పనికివచ్చే వ్యాసం కావాలి, అందుకే నెల పేరు కనబడితే వాళ్ల కత్తెర లేస్తుంది. నీవు లొంగవద్దు. ఏ నెలలోనైనా వేసుకోగల వ్యాసం ఏ నెలలోనూ ఎవరికీ పనికిరాదు. కలం పేరు పెట్టుకోవాలా, ఏ పత్రిక ఎంత ఇస్తుంది అని అడిగావు. ముందు వ్యాసం పూర్తి చేయి.

ఒక్క విషయంలో మాత్రం నీకు ఎంపిక లేదు. ఏడో పేజీలో, "డబ్బు పెట్టలేనివారు ఏటూరునాగారం అడవుల్లో చెట్ల మీద ఉండే వాండాలను తెచ్చుకోవచ్చు, అవి బదనికల్లాగా చెట్టును పీల్చేవే" అని రాశావు. రెండూ తప్పే. బదనిక తన వేరును చెట్టు కొమ్మలోకి దించి దాని నీటిని, లవణాలను తాగుతుంది. వాండా చెట్టును పట్టుకొని నిలబడుతుంది, అంతే, తన నీటిని వానలోంచి, గాలిలోంచి తానే తీసుకుంటుంది. ఏటూరునాగారం అభయారణ్యం, అందులోంచి మొక్కను పెకలించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చట్టం మాట అలా ఉంచు. ఆర్కిడ్ గింజ ధూళి లాంటిది, అందులో మొలకకు కావలసిన తిండి ఉండదు, అడవిలో సరైన బూజు దానికి దొరికితేనే మొలుస్తుంది. 1922లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురు) మీద ఆ బూజు లేకుండా గింజలు మొలిపించి చూపాడు కాబట్టి నేడు నర్సరీలు లక్షల మొక్కలు తయారు చేయగలుగుతున్నాయి, అడవికి ఆ వసతి లేదు. కొమ్మ మీది వాండా గింజ నుంచి పూతకు రావడానికి ఏళ్లు పట్టింది. దాన్ని ఒక మధ్యాహ్నంలో పీకి తెచ్చి, బోరు నీళ్లు పోసి, రోహిణి కార్తెలో చంపే మనుషులను నేను చూశాను. కొనదలచినవారు నర్సరీలో గింజ నుంచో కణజాల వర్ధనం (టిష్యూ కల్చర్) ద్వారానో పెంచిన మొక్కనే కొనాలి, డెండ్రోబియం పిలక ఒకటి ఎవరినైనా అడిగితే ఉచితంగానే ఇస్తారు, ఆ మాట రాయి.

ఏడో పేజీలోని ఆ వాక్యం ఉన్నంతకాలం నీ వ్యాసాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను. అది తీసేసి, మీ అమ్మ చీరల పేరాను మొదటి పేజీకి తెచ్చి, ఏప్రిల్ నుంచి మొదలుపెట్టి నెల వెంట నెల నీ డాబా మీద జరిగినదే రాసి పంపు. పువ్వుకు ఒక పేజీ చాలు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి