రాయి తాగిన వాన

మోంపెలియేలో ఉంటున్న మా అమ్మాయి దగ్గర గడిపిన రోజుల్లో చూసిన లా క్లాప్ కొండల గురించి పోయిన నెల ఈ శీర్షికలో నాలుగు మాటలు రాశాను. ఫ్రాన్సు దక్షిణాన, మధ్యధరా సముద్రం ఒడ్డున, నార్బోన్ పట్టణానికి ఆనుకుని ఉన్న సున్నపురాతి కొండలవి. తెల్లని రాళ్ళ మధ్య ఎక్కడ కాస్త మట్టి ఉంటే అక్కడ ద్రాక్షతోట. ఆ నాలుగు మాటలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు విజయనగరం జిల్లా బడుల్లో భూగోళం చెప్పినవాణ్ణి. రాళ్ళ గురించి ఎవరైనా అడిగితే నాకు పండగే.

మాస్టారూ, వాన తక్కువ, మట్టి తక్కువ, అంతా రాయే అన్నారు. మరి తోటలు ఎలా బతుకుతున్నాయి? నీళ్ళు ఎక్కడివి?
– ఒక రైతు, గజపతినగరం

నీళ్ళు రాతిలో ఉన్నాయి. లా క్లాప్‌లో నేను తిరిగిన రోజుల్లో పారే ఏరు ఒక్కటీ కనబడలేదు. కొండలు ఎత్తయినవి కూడా కావు, అన్నిటికన్నా పెద్ద శిఖరం 214 మీటర్లే. అక్కడి పాత ఆక్సితాన్ భాషలో ‘క్లాపాస్’ అంటే రాళ్ళ కుప్ప. కొండకు ఆ పేరే నిలిచింది.

వాన చుక్క గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొంచెం పుల్లబడుతుంది. ఆ పులుపుకు సున్నపురాయి కరుగుతుంది. పది కోట్ల ఏళ్ళకు ముందు సముద్రపు అడుగున పేరుకుని గట్టిపడిన రాయి అది. కరిగి కరిగి చిన్న నెర్రె సందు అవుతుంది, సందు గుహ అవుతుంది. పడిన వాన పైన పారకుండా లోపలికి దిగిపోతుంది. రాతిపొరల మధ్య బంకమట్టి కలిసిన మెత్తని సున్నపు పొరలుంటాయి, అవి ఆ తడిని పట్టి ఉంచుతాయి. ఒకచోట బాట వెడల్పు చేయడానికి కొండ అంచును కోశారు. ఆ కోతలో, నా తలకన్నా ఎత్తులో ఉన్న తోట నుంచి దిగిన ద్రాక్షవేరు ఒకటి కనిపించింది. చిటికెనవేలంత లావున రాతి నెర్రెలో ఒదిగి, నా మోకాలి దగ్గర ఇంకా కిందికి పోతూనే ఉంది. వేలు పెట్టి చూశాను. అది ఆగస్టు నెల, పైన రాయి కాలిపోతోంది, నెర్రెలో మాత్రం చల్లగా ఉంది.

మీరు గజపతినగరం వారు కనుక బొర్రా గుహలు చూసే ఉంటారు. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే రైలు మార్గంలోనే ఉన్నాయి. అక్కడ జరిగిందీ ఇదే పని. ఆ సున్నపురాతిలోంచి వచ్చే గోస్తని నీరే కిందికి దిగి గంట్యాడ మండలంలోని తాటిపూడి జలాశయం నింపుతోంది. అయితే బొర్రా మన కొండల్లో అరుదైన చోటు. మన చుట్టూ ఎక్కువగా ఉన్నది ఖొండలైటు. మన కొండల మీదా ఒడిశాలోనూ ఉండే ఖోందుల పేరు మీదుగా 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ రాతికి పేరు పెట్టాడు. ఒక గిరిజన జాతి పేరు ప్రపంచమంతా చదివే శాస్త్రంలో రాయి పేరైంది, ఈ మాట ప్రతి ఏడూ పిల్లలకు చెప్పేవాణ్ణి. ఖొండలైటు వానకు కరగదు, చివుకుతుంది. చివికి ఎర్రమట్టి అవుతుంది. మన కొండల్లో వానను దాచేది ఆ మట్టి. అందుకే మనకు గెడ్డలు, అంటే కొండవాగులు, ఉన్నాయి, వాళ్ళకు లేవు.

నేను మామిడి అంట్లు కట్టి అమ్ముతాను. ద్రాక్షకు కూడా అంటు కడతారా, కొమ్మ పాతితే సరిపోతుందా?
– ఒక నర్సరీ యజమాని, బొబ్బిలి

మీ ప్రశ్న చదివి కుర్చీలోంచి లేచాను. లా క్లాప్ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

పూర్వం కొమ్మే పాతేవారు. 1860ల్లో అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే చిన్న పురుగు వేళ్ళను పీల్చి ఫ్రాన్సు తోటలను వరసగా చంపేసింది. అమెరికా ద్రాక్షజాతులు ఆ పురుగుతో కలిసి పెరిగినవి కనుక తట్టుకుంటాయి. అందుచేత కింద అమెరికా మొదలు, పైన ఫ్రెంచి కొమ్మ పెట్టి అంటు కట్టడం మొదలుపెట్టారు. అక్కడికి బాగానే ఉంది. కానీ సున్నపు నేలల్లో ఆ మొదళ్ళు నిలవలేదు. సున్నం ఎక్కువైన మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు, ఆకు పసుపుపచ్చగా మారి మొక్క కుంగిపోతుంది. పురుగును గెలిచినవాళ్ళను రాయి ఓడించింది.

1887లో మోంపెలియే వ్యవసాయ కళాశాలకు చెందిన పియేర్ వియాలా సున్నానికి ఓర్చే ద్రాక్ష కోసం అమెరికా అంతా తిరిగాడు. టెక్సాస్‌లో ఉండే ద్రాక్ష పరిశోధకుడు థామస్ మన్సన్, అక్కడి సున్నపు గుట్టల మీద అడవిగా పెరుగుతున్న బెర్లాండియెరి అనే జాతిని చూపించాడు. ఆ జాతి కొమ్మ పాతితే వేరు పట్టడం కష్టం. అందుకని దాన్ని సులువుగా వేరుపట్టే జాతులతో సంకరం చేసి మొదళ్ళు తయారుచేశారు. ఈనాటికీ సున్నపు నేలల్లో ఆ వంశపు మొదళ్ళే ఎక్కువ వాడతారు. మీ దగ్గర టెంక మొక్క మీద కట్టే అంటును చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తుకొస్తుంది. పైకొమ్మ పేరే అందరూ అడుగుతారు, నేలతో వేగేది మాత్రం కింది మొదలు.

అయితే మన కొండవాలుల్లో ద్రాక్ష వేయవచ్చా?
– చీపురుపల్లి పాఠకుడు

నా సలహా వద్దనే. అక్కడ వేసవి పొడిగా ఉంటుంది, కాయ ఎండలో పండుతుంది. మనకు ఏటా 1,000 మిల్లీమీటర్లు దాటి, అదీ చాలావరకు జూన్ నుంచి అక్టోబరు దాకా కురుస్తుంది. ఆ చెమ్మలో ఆకుకు బూజు తెగుళ్ళు తప్పవు. పైగా ద్రాక్షకు చలికాలపు నిద్ర కావాలి. అది లేని నాసిక్ లాంటి చోట్ల ఏడాదికి రెండుసార్లు కత్తిరించి ఒక్క పంట తీస్తారు. మన వాలుకు జీడిమామిడి ఉంది.

వైన్ అంటే అంత మర్యాద, మా జీలుగు కల్లు అంటే చిన్నచూపు. రెండూ పులిసినవే కదా మాస్టారూ?
– మందస ప్రాంతపు పాఠకుడు

మీ బాధ న్యాయమైనది. పులియడం రెండింటికీ ఒకటే, చక్కెరను ఈస్టు సారాయంగా మార్చడం. తేడా నిలవలో ఉంది. కల్లు గీసిన క్షణం నుంచి కుండలో పులుస్తూనే ఉంటుంది, పొద్దుటిది సాయంత్రానికి వేరు, మర్నాటికి పులుపు. వైన్‌కు పులియడం పూర్తి కానిచ్చి, గాలి తగలకుండా మూసి ఉంచుతారు కనుక ఏళ్ళు నిలుస్తుంది, దూరం పోతుంది. దూరం పోయేదానికి పేరు వస్తుంది.

ఆ పేరును వాళ్ళు చట్టంతో కాపాడుకున్నారు. లా క్లాప్‌కు 2015లో సొంత గుర్తింపు దక్కింది. ఆ హద్దుల్లో, ఒప్పుకున్న రకాలతో, నియమం ప్రకారం చేస్తేనే సీసా మీద ఆ కొండ పేరు వేయాలి. ఎర్ర వైన్‌కు సిరా, గ్రెనాష్, మూర్వెద్ర్ అనే ద్రాక్ష రకాలు, తెల్లదానికి ముఖ్యంగా బుర్బులాంక్. అరకు కాఫీకి, బొబ్బిలి వీణకు మనం తెచ్చుకున్న భౌగోళిక గుర్తింపు ఇలాంటిదే. జీలుగు చెట్టు ఎక్కేవాళ్ళ నేర్పును ఎవరైనా ఇంత శ్రద్ధగా రాసి పెడితే బాగుండునని నాకు బలమైన కోరిక.

నాకు మద్యం అలవాటు లేదు. అయినా లా క్లాప్‌లో ఒక తోట పెద్దాయన తన చేత్తో పోసి ఇస్తే ఒక గుక్క తెల్ల వైన్ తాగాను. నిమ్మతొక్క వాసన, చివర నాలుక అంచున ఉప్పు జాడ. సముద్రపు గాలి వల్ల అన్నాడాయన. ఎవరికీ తాగమని చెప్పడం లేదు. ఆ ఒక్క గుక్కలో ఊరి పేరు చెప్పగలిగేటంత గుర్తు ఉందని మాత్రం చెబుతున్నాను.

ఆ కొండ ఒకప్పుడు దీవి అని రాశారు. నిజమా?
– కళింగపట్నం పాఠకురాలు

నిజమేనమ్మా. రోమన్ల కాలంలో చుట్టూ నీళ్ళే. క్రీస్తుకు పూర్వం 118లో వాళ్ళు నార్బోన్ నగరం కట్టారు, అది పెద్ద రేవు. తర్వాత ఓద్ నది ఏటేటా తెచ్చిన ఒండ్రు ఆ నీటిని పూడ్చేసింది. దీవి నేలకు అతుక్కుంది, రేవు సముద్రానికి దూరమైంది. వంశధార మొగలో ఇసుకమేటలు చూస్తూ పెరిగినవారు మీరు, మీకు నేను వేరే చెప్పనక్కర్లేదు.

మీరు మత్స్యకారుల ఇంటివారమని రాశారు కనుక ఇంకొకటి చెప్పాలి. కొండ దక్షిణపు కొసన గ్రూయిసాన్ అనే రేవు ఊరు ఉంది. పైన ఓజిల్ మాత అని పిలిచే మరియమ్మ గుడి. గుడికి వెళ్ళే బాట పొడవునా, చెట్ల నీడలో, సముద్రంలో పోయిన నావికుల పేరున రాతి స్మారకాలు నిలిపారు. శవాలు దొరకనివాళ్ళవి ఎన్నో. నేను పైకి ఎక్కుతూ ఒక్కొక్క దాని దగ్గరా ఆగాను. ఫ్రెంచి రాదు, పేర్లు, ఏళ్ళు చదవగలిగాను. ఒకప్పుడు నా దగ్గర చదివి, భావనపాడు తీరం నుంచి వేటకు వెళ్ళి తిరిగిరాని కుర్రవాడు ఒకడున్నాడు. వాడి పేరున మన ఒడ్డున రాయి లేదు.

మా ఊరి కొండకు ఏటా వేసవిలో నిప్పు పెడతారు. కొత్త గడ్డి వస్తుందంటారు. అక్కడా అలాగేనా?
– రాజాం పాఠకుడు

అక్కడ నిప్పంటే ప్రాణభయం. కొండంతా ‘గారిగ్’ అనే పొట్టి పొదల అడవి. రోజ్‌మేరీ, థైమ్, ముళ్ళ ఓక్, వీటి ఆకుల్లో నూనెలుంటాయి. వాయవ్యం నుంచి సెర్స్ అనే పొడిగాలి కొట్టిందంటే నిలబడటమే కష్టం. 2025 ఆగస్టులో, లా క్లాప్ ఉన్న ఓద్ జిల్లాలోనే, కోర్బియేర్ కొండల్లో సుమారు 16,000 హెక్టార్లు కాలిపోయాయి. అప్పుడు అందరూ గుర్తించింది తోటల విలువ. దున్ని శుభ్రంగా ఉంచిన ద్రాక్షతోట దగ్గర మంట ఆగుతుంది. గిట్టుబాటు కాక తోటలు పీకేసిన చోట ఆపేది ఉండదు.

మీ కొండ మీద గడ్డి వస్తుంది, నిజమే. మూడు వారాలు పశువులు తింటాయి. కానీ మట్టిని పట్టి ఉంచిన వేళ్ళు పోయాక తొలి వానకే ఎర్రమట్టి గెడ్డలోకి దిగుతుంది. మన కొండకు నీటితొట్టి ఆ మట్టేనని పైన రాశాను. ఈ వేసవిలో దయచేసి పెద్దలతో మాట్లాడండి. నిప్పు పెట్టనివ్వకండి.

మాస్టారు గారూ, ఆ కొండ మీద తప్ప ప్రపంచంలో ఎక్కడా లేని పువ్వు ఉందట. పేరేమిటి? మా కొండ సున్నపురాయో కాదో ఎలా తెలుసుకోవాలి?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, నెల్లిమర్ల

తల్లీ, దాని పేరు సెంటోరియా కోరింబోసా. గులాబీ ఊదా కలిసిన రంగు. తెల్లని కొండచరియ అంచుల్లో, రాతి నెర్రెల్లో మాత్రమే ఉంటుంది. మొత్తం ఆరు గుంపులు, అన్నీ కలిపి మూడు చదరపు కిలోమీటర్లలోపే. కొన్నేళ్ళు ఆకులతో ఊరికే ఉండి, ఒక్కసారి పూసి చచ్చిపోతుంది. గింజలు తల్లిమొక్క పక్కనే రాలతాయి, కొత్త చోటికి పోలేవు. పక్క గుట్ట మీద బతకగలిగినా అక్కడికి చేరే దారి దానికి లేదు. చరియ ఎక్కే సరదా ఉన్నవాళ్ళ కాళ్ళ కింద కూడా నలిగిపోగలదు, అందుకే దానికి చట్టం రక్షణ ఇచ్చింది.

ఇక నీ రెండో ప్రశ్న. ముందు కోడిగుడ్డు పెంకు మీద నిమ్మరసం పిండి చూడు, సన్నని బుడగలు వస్తాయి. పెంకులో ఉన్నదీ సున్నపురాతి పదార్థమే. తర్వాత మీ కొండ రాయి తెచ్చి, మూల పగలగొట్టి, ఆ కొత్త ముఖం మీద పిండు. బుడగలు రాకపోతే రాతిని వెలుగులో తిప్పి చూడు, ఎర్రని గింజలు కనబడితే అవి గార్నెట్లు, నీ చేతిలో ఉన్నది చాలావరకు ఖొండలైటే. చంపావతి ఒడ్డు గులకరాళ్ళ మీద కూడా చెయ్యి. ఏ రాయి ఎక్కడ ఏరావో, దేని మీద నురగ వచ్చిందో కాగితం మీద రాసి నాకు పంపు. వచ్చే నెల అదే వేస్తాను.