ఆ ఉత్తరం పాఠకుడికీ చూపించు

అమ్మా,

నీ నవల మొత్తం చదివాను. దాంతోపాటు నువ్వు రాసిన ప్రశ్న కూడా చూశాను. ఈమధ్య వస్తున్న మిస్టరీలు, థ్రిల్లర్లు నాకెలా అనిపిస్తున్నాయని, వాటి నుంచి నేర్చుకోదగ్గవి ఏమున్నాయని అడిగావు. రెండింటికీ కలిపే రాస్తున్నాను. నీ తొమ్మిదో అధ్యాయంలో నాకు అడ్డుతగిలిన విషయమే ఇప్పటి థ్రిల్లర్లు చాలావాటిలో నన్ను ఇబ్బంది పెడుతోంది.

ఆ అధ్యాయంలో నీ కథానాయికకు చనిపోయిన బావగారి బల్ల సొరుగులో ఒక ఉత్తరం దొరుకుతుంది. కథ చెబుతున్నది ఆమే. "చదివాను. చేతులు వణికాయి. మడిచి బ్యాగులో పెట్టేసుకున్నాను" అంటుంది. అందులో ఏముందో చివరి అధ్యాయం దాకా మనకు చెప్పదు. అక్క మీద కోపం, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, చిన్నప్పటి అసూయలు అన్నీ దాపరికం లేకుండా చెప్పుకున్న మనిషి ఈ ఒక్క సంగతి మాత్రం మింగేసింది. ఎందుకు? ఆమెకు దాచాల్సిన పనేమీ లేదు. దాచాల్సిన అవసరం నీకుంది. పాఠకుడు అది వెంటనే పసిగడతాడు. అక్కడి నుంచి అతను ఉత్తరంలో ఏముందో ఊహించడం మానేసి, రచయిత్రి ఎప్పుడు చెబుతుందా అని పేజీలు లెక్కపెడతాడు. అది సస్పెన్స్ కాదు, విసుగు.

ఇది కొత్త గొడవేం కాదు. ఇంగ్లీషు డిటెక్టివ్ కథల రచయిత రోనల్డ్ నాక్స్ 1929లో అలాంటి కథలకు పది నియమాలు రాశాడు. కొన్ని ఇప్పుడు చదివితే పాతబడ్డట్టే ఉంటాయి. ఎనిమిదోది మాత్రం నా దృష్టిలో ఈరోజుకీ చెల్లుతుంది: డిటెక్టివ్‌కి ఆధారం దొరికితే, దాన్ని వెంటనే పాఠకుడి ముందు కూడా పెట్టాలి. బెంజమిన్ స్టీవెన్సన్ 2022లో రాసిన 'ఎవ్రీవన్ ఇన్ మై ఫ్యామిలీ హ్యాజ్ కిల్డ్ సమ్‌వన్' ఈ నియమాలను పుస్తకం మొదట్లోనే అచ్చువేసి మరీ కథ మొదలుపెడుతుంది. చావులు ఏయే పేజీల్లో వస్తాయో కూడా కథకుడు ముందే చెప్పేస్తాడు. అయినా టెన్షన్ తగ్గదు. ఇంత బాహాటంగా ఆడి కూడా మనల్ని ఏమార్చగలగడం నాకు చాలా నచ్చింది.

నువ్వు తప్పకుండా చదవాల్సిన పుస్తకం ఒకటుంది. మరీ కొత్తది కాదు, 2005లో జపాన్‌లో వచ్చింది: కీగో హిగాషినో 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'. హత్య మన కళ్ల ముందే జరిగిపోతుంది. చంపింది ఎవరో, ఎందుకో మొదట్లోనే తెలిసిపోతుంది. పక్క ఫ్లాట్‌లో ఉండే లెక్కల మాస్టారు ఆ తల్లీకూతుళ్లను కాపాడటానికి పూనుకుంటాడు. ఇంకేం మిగిలిందిలే అనుకుంటూ చదువుతాం. చివరికొచ్చేసరికి మనం ఇన్ని పేజీలూ వేరే ప్రశ్నకు జవాబు వెతుకుతూ కూర్చున్నామని తెలుస్తుంది. ఆ మాస్టారు పరీక్ష పేపరు ఎలా తయారుచేస్తాడో కథలో ఒకచోట వస్తుంది: చూడటానికి జామెట్రీ లెక్కలా ఉంటుంది, నిజానికది ఆల్జీబ్రా లెక్క. తను మనల్ని ఎలా బోల్తా కొట్టించబోతున్నాడో రచయిత మనకే చెప్పేశాడన్నమాట! మొదటిసారి చదివినప్పుడు ఆ మాటను మామూలుగా దాటేస్తాం. రెండోసారి చదివినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

అసలు మిస్టరీలన్నిటినీ రెండోసారి చదువు. మొదటిసారి పాఠకురాలిగా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ప్రతి ఆధారం మొదట ఎక్కడ కనిపించింది, ఆ పేరాలో మన కళ్లు దేని మీద ఉన్నాయి అన్నది మార్జిన్‌లో రాసుకో. మంచి రచయితలు ముఖ్యమైన ఆధారాన్ని తరచూ ఒక నవ్వు పక్కనో, ఒక గొడవ మధ్యలోనో పెట్టేస్తారు.

రెండోసారి చదివితే కొన్ని పుస్తకాలు నిలబడవు కూడా. అలెక్స్ మైఖేలిడీస్ 2019లో రాసిన 'ది సైలెంట్ పేషెంట్'ని ఎందరో మెచ్చుకున్నారు. మొగుణ్ణి కాల్చి, ఆ తర్వాత ఒక్క మాటా మాట్లాడని చిత్రకారిణి. అంత బలమైన ఆరంభం ఊహించిన రచయితంటే నాకు గౌరవం ఉంది. చివరి మలుపు కూడా గట్టిదే. నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఆమె డైరీ. అందులో సంభాషణలు నవల్లో ఉన్నట్టు పూర్తిగా, ఎవరేమన్నారో మాటకు మాట ఉంటాయి. తన కోసం తను డైరీ రాసుకునే మనిషి అలా రాస్తుందా? అది మన కోసం రాసిన డైరీ. నీ ఉత్తరం మన కోసం మడిచిన ఉత్తరం అయినట్టే.

ఫ్రీడా మెక్‌ఫాడెన్ 'ది హౌస్‌మెయిడ్' (2022) గురించి కూడా అడిగావు. భాష సాదాసీదాగా ఉంటుంది, అధ్యాయాలు చిన్నవి, చేతిలోంచి కింద పెట్టనివ్వదు. దాన్ని చిన్నచూపు చూడకు. పనికి కుదిరిన అమ్మాయికి పైన అటక గది ఇస్తారు, దాని తలుపుకి గడియ బయటివైపు ఉంటుంది. 'భయంకరమైన', 'వింతైన' లాంటి మాటలు ఎన్ని వాడినా రాని భయం ఆ ఒక్క గడియతో వస్తుంది. నీ మొదటి అధ్యాయంలో ఇంటి గురించి రెండు పేజీల వర్ణన ఉంది. అందులో ఇలాంటి వస్తువు ఒక్కటి వెతుక్కో, మిగతాది తీసేయ్.

మలుపు ఎక్కడ రావాలన్న దాని మీద గిలియన్ ఫ్లిన్ 'గాన్ గర్ల్' (2012) చూడు. అదేమిటో చెప్పి చదివే ఆనందం పాడుచేయను గానీ, అది వచ్చేది దాదాపు పుస్తకం సగంలో. నిజం తెలిశాక కథలోని భార్యాభర్తలిద్దరూ ఏం చేస్తారన్నదే మిగతా సగం. ఆ తర్వాత దాన్ని చూసి రాసినవాళ్లలో చాలామంది మలుపునే తీసుకున్నారు, ఆ రెండో సగాన్ని వదిలేశారు. నువ్వూ అసలు విషయాన్ని ఆఖరి రెండు పేజీల్లో పెట్టావు. అక్కకు నిజం తెలుస్తుంది, నవల అయిపోతుంది. తెలిశాక చెల్లెలి ముఖం ఎలా చూస్తుంది, ఆ రాత్రి ఇద్దరూ ఒకే ఇంట్లో ఎలా పడుకుంటారు? నాకు అవి కావాలి. ఆ నిజం బయటపడటాన్ని కనీసం నలభై పేజీలు ముందుకు జరుపు.

ఇంకో మాట. నీ నవల్లో బావగారు చనిపోయాడని ఎవరూ ఏడవలేదు. రిచర్డ్ ఆస్మన్ 'ది థర్స్‌డే మర్డర్ క్లబ్' (2020)లో నేరం చిక్కుముడి నాకు అంత గట్టిగా అనిపించలేదు, పరిష్కారాలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. అయినా ఆ హత్య గుట్టు విప్పే నలుగురు వృద్ధులు గుర్తుండిపోయారు. ముఖ్యంగా మతిమరుపులోకి జారిపోతున్న భర్తను కనిపెట్టుకుని ఉండే ఎలిజబెత్. శవం చుట్టూ బతికున్న మనుషులు లేకపోతే హంతకుడు ఎవరైతే మనకేంటి?

తెలుగులో రాసేవాళ్లకు అదనంగా ఒక చిక్కుంది. మన క్రియే ఆడా మగా చెప్పేస్తుంది. గోడ దూకింది అన్నా దూకాడు అన్నా అనుమానితుల్లో సగం మంది తప్పుకుంటారు. అందుకే నువ్వు రెండో అధ్యాయమంతా 'ఆ వ్యక్తి', 'ఆ ఆకారం' అని రాశావు. అలా రాసిన మరుక్షణం ఇక్కడేదో దాస్తున్నారని తెలిసిపోతుంది. ఆ దృశ్యాన్ని నువ్వు చెప్పకు, వాచ్‌మన్ చేత చెప్పించు. చీకట్లో చూశాడు, దొంగంటే మగవాడే అని అతని నమ్మకం, కాబట్టి "వాడెవడో గోడ దూకాడండీ" అంటాడు. అతను అబద్ధమాడలేదు, నువ్వూ ఆడలేదు. పాఠకుడు తనంతట తానే దారి తప్పుతాడు.

ఉత్తరానికీ ఇదే పద్ధతి. మొత్తం పాఠం తొమ్మిదో అధ్యాయంలోనే ఇచ్చేయ్. ఉదాహరణకి: "నువ్వు చెప్పినట్టే మందు మార్చాను. ఇక ఆయనకు నొప్పి ఉండదు. నువ్వు దిగులు పెట్టుకోకు." చదివినవాళ్లు ఎవరో దయగల నర్సు రాసిందనుకుంటారు, జబ్బు మనిషి పడ్డ బాధ గుర్తొచ్చి కథానాయిక చేతులు వణికాయనుకుంటారు. ఇరవయ్యో అధ్యాయంలో, ఆయనకు అసలు నొప్పి తెలిసే జబ్బే లేదని డాక్టరు వేరే సందర్భంలో మాటవరసకి అననీ. అప్పుడు అవే మూడు వాక్యాలు మరోలా వినిపిస్తాయి. వెనక్కి తిప్పి చూసుకున్న పాఠకుడికి అన్నీ అక్కడే కనిపించాలి.

ముందు తొమ్మిదో అధ్యాయం ఒక్కటి తిరగరాసి పంపు. నేను రాసిన ఉత్తరం వాడకు, నీ కథలోని బావగారికి తగ్గది నువ్వే రాయి. చివరి అధ్యాయాన్ని ఇప్పుడే ముట్టుకోకు. ఉత్తరం మారాక అది ఎలాగూ మార్చాల్సి వస్తుంది.