పాఠకుల ప్రశ్నలు – జవాబులు: పెల్హామ్ రైలు, పాతదీ కొత్తదీ

గత నెల సంచికలో 1974 నాటి 'ది టేకింగ్ ఆఫ్ పెల్హామ్ వన్ టూ త్రీ' గురించీ, 2009లో దానికి వచ్చిన రీమేక్ గురించీ రాసిన వ్యాసం చదివి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పాఠకులు చాలామంది ఉత్తరాలు రాశారు. ఆ సినిమాలు చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. న్యూయార్క్‌లో నేల కింద నడిచే రైలును నలుగురు సాయుధులు సొరంగంలో ఆపి, ముందు పెట్టెను విడదీసి, అందులోని ప్రయాణికులను బందీలుగా పట్టుకుంటారు. గంటలోగా డబ్బు అందకపోతే, ఆలస్యమైన ప్రతి నిమిషానికీ ఒకరిని చంపుతామంటారు. వాళ్ల నాయకుడితో రేడియోలో మాట్లాడే భారం కంట్రోలు గదిలోని గార్బర్ అనే ఉద్యోగి మీద పడుతుంది. ఈ నెల శీర్షిక మొత్తం ఈ ఉత్తరాలకే.

ప్రశ్న: మా ఇంట్లో రెండు చిత్రాలూ వరుసగా చూశాం. ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయికి కొత్తది నచ్చింది, పాతది నెమ్మదిగా ఉందన్నాడు. నాకు పాతదే పట్టుకుంది. ఇది వయసు తేడానా, లేక సినిమాలోనే ఏదైనా కారణం ఉందా?
– ఒక ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: కారణం సినిమాలోనే ఉందని నా నమ్మకం. అయితే మీ అబ్బాయి మాటను కూడా నేను తేలిగ్గా తీసుకోను. 2009 చిత్రాన్ని తీసిన టోనీ స్కాట్‌కు వేగమంటే ప్రాణం. ఆయన కెమెరా ఒకచోట నిలవదు, సొరంగంలో రైలు ఆగిపోయి ఉన్నా తెర మీద బొమ్మ తిరుగుతూనే ఉంటుంది. జోసెఫ్ సార్జెంట్ తీసిన 1974 చిత్రంలో కెమెరా నిలబడి చూస్తుంది, కంగారు పడే పని మనకు వదిలేస్తుంది. అందులో బ్యాంకు సిబ్బంది నోట్లు లెక్కపెట్టి కట్టలు కట్టే సన్నివేశం ఒకసారి మళ్లీ వేసి చూడండి. అక్కడ తుపాకీ లేదు, అరుపులు లేవు. వేళ్ల కింద కాగితాలు కదులుతుంటాయి, కట్టకు బంధం పడుతుంది, తర్వాతి కట్ట వస్తుంది. కానీ సొరంగంలో గడువు నడుస్తోందని మనకు తెలుసు కాబట్టి, ఆ మనిషి ఒక నోటును రెండోసారి తడిమితే చాలు, మన గొంతు తడారిపోతుంది. గంటస్తంభం కింద నిలబడి, రావలసిన మనిషి ఎంతకీ రాక, పైనున్న ముల్లునే చూస్తూ గడిపినవారికి ఆ బాధ ఎలాంటిదో నేను చెప్పనక్కరలేదు.

ఆ తర్వాత డబ్బు తీసుకువస్తున్న పోలీసు కారు దారిలో ప్రమాదానికి గురవుతుంది. గడువు ముగిసే క్షణంలో గార్బర్, డబ్బు ఇంకా రాకపోయినా, స్టేషనుకు చేరిపోయిందని, ఇక సొరంగంలో నడిచి రావడమే మిగిలిందని అబద్ధమాడతాడు. ఆ పాత్ర వేసిన వాల్టర్ మాథౌ ఆ మాటను కూరగాయల బేరం మాట్లాడినంత మామూలు గొంతుతో అంటాడు. ఈ గార్బర్‌కు గతం లేదు. ఇంటి కష్టాలూ చెప్పరు. రైల్వే పోలీసు విభాగంలో ఉద్యోగి, ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు, అంతవరకే మనకు తెలుసు. ఆ పెట్టెలోని ప్రయాణికుల పేర్లు కూడా ఎవరూ చెప్పరు. చివరి పేర్ల పట్టికలో 'తల్లి', 'ముసలాయన', 'సేల్స్‌మన్' అని మాత్రమే ఉంటుంది. మనం రోజూ ప్యాసింజరు బండిలో ఎదురుగా కూర్చున్నవారిని గుర్తుపెట్టుకునేదీ అలాగే కదా! పేర్లు తెలియని ఆ మనుషుల కోసం పేరు ప్రతిష్ఠల పట్టింపు లేని ఒక ఉద్యోగి పాటుపడటమే పాత చిత్రానికి ప్రాణమని నాకు అనిపిస్తుంది.

కొత్త చిత్రంలో డెంజెల్ వాషింగ్టన్ పోషించిన గార్బర్ ఒకప్పుడు పై అధికారి, లంచం ఆరోపణ మీద విచారణ జరుగుతుండగా కంట్రోలు బల్ల దగ్గరికి దించబడ్డాడు. జాన్ ట్రవోల్టా వేసిన ప్రతినాయకుడు ఇంటర్నెట్‌లో ఆ సంగతి తెలుసుకుని, ఒక యువకుడి తలకు తుపాకీ పెట్టి, లంచం తీసుకున్నట్లు రేడియోలో అందరూ వినేలా ఒప్పుకోమంటాడు. చుట్టూ తోటి ఉద్యోగులు, అధికారులు నిలబడి ఉంటారు. గార్బర్ మొదట కాదంటాడు, తర్వాత మాట తడబడుతుంది, చివరికి పిల్లల చదువు ప్రస్తావన తెచ్చి ఒప్పుకుంటాడు. ఆ గదిలో ఎవరూ అతని ముఖం వైపు సూటిగా చూడలేని ఆ కొన్ని క్షణాలు మూల చిత్రంలో లేని సంపద. రీమేక్ తీసినందుకు ఆ ఒక్క సన్నివేశం చాలునని కూడా నేను అంటాను. మీ అబ్బాయికి నచ్చింది అదే అయితే, అతని అభిరుచి మీద నాకు గౌరవమే తప్ప ఫిర్యాదు లేదు.

నా బాధ ఆ తర్వాతి భాగంతోనే. అంత నిజాయితీగా నిలబెట్టిన మనిషి చేతికి తుపాకీ ఇచ్చి, మాన్‌హట్టన్ వంతెన దాకా వెంటాడించి, శత్రువును కాల్పించారు. పాత చిత్రంలోనూ గార్బర్ చివరికి సొరంగంలోకి దిగుతాడు. కానీ అక్కడ ముఠా నాయకుడు తప్పించుకునే దారి లేదని గ్రహించి, విద్యుత్తు ప్రవహించే మూడో పట్టా మీద తానే కాలు మోపి చనిపోతాడు. ముఠాలో మిగిలిన ఒక్కడిని పట్టించేది తుమ్ము. మన ఇళ్లలో ఎవరైనా తుమ్మితే 'చిరంజీవ' అంటాం కదా, అలాగే జలుబు చేసిన ఆ మనిషి రేడియోలో వెనుక నుంచి తుమ్మిన ప్రతిసారీ గార్బర్ అలవాటుగా వాళ్ల పద్ధతిలో ఆరోగ్యం కోరే ఒక మాట అంటూ ఉంటాడు. చివర ఒక ఇంటి తలుపు మూసుకున్నాక లోపలి నుంచి అదే తుమ్ము వినిపిస్తుంది, గార్బర్ తలుపు మళ్లీ తెరిచి చూస్తాడు. తల లోపలికి పెట్టి చూసే ఆ ముఖంతో సినిమా ముగిసిపోతుంది. సినిమా మొదటి నుంచీ చెవిని నమ్ముకుని పనిచేసిన మనిషికి అంతకంటే తగిన గెలుపు లేదు.

ప్రశ్న: నేను రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. డ్రైవరు చెయ్యి తీస్తే బండి ఆగిపోయే హ్యాండిలును ఏమార్చడం చుట్టూనే కథ నడిచింది. అది నిజమైన ఏర్పాటేనా? మన బండ్లలో ఇలాంటిది సాధ్యమా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, ఆమదాలవలస

జవాబు: ఆ ఏర్పాటు నిజమైనదే. న్యూయార్క్ రైళ్లలో డ్రైవరు హ్యాండిలును అదిమిపట్టి ఉంచాలి. అతనికి స్పృహ తప్పి చెయ్యి జారితే బ్రేకులు పడతాయి. అందువల్ల రైల్లో డ్రైవరు ఉండి తీరాలని పోలీసులు నమ్ముతారు, ఆ నమ్మకం మీదే ముఠా పథకం వేసుకుంది: హ్యాండిలును ఏమార్చి, తాము సొరంగంలో దిగిపోయి, డ్రైవరు లేని రైలును ముందుకు పంపేస్తారు. వారిలో ఒకడు ఉద్యోగం పోగొట్టుకున్న రైలు డ్రైవరు కావడం వల్లే ఆ పథకం నమ్మదగినదిగా ఉంది. మనిషి లేకుండా పరుగెత్తిన రైలును చివరికి ఆపేది కూడా యంత్రమే: సిగ్నలు ఎర్రగా ఉన్నప్పుడు పట్టాల పక్కన లేచి నిలిచే ఒక కమ్మీ, బండి అడుగునున్న మీటను తట్టి బ్రేకు వేయిస్తుంది. మన ఇంజన్లలో అప్రమత్తతను కనిపెట్టే పరికరం ఉన్న సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. దాదాపు నిమిషంపాటు డ్రైవరు ఏ మీటనూ కదపక, బటను కూడా నొక్కకపోతే, ముందు దీపం, తర్వాత బజరు హెచ్చరించి, అప్పటికీ స్పందన లేకపోతే బ్రేకులు పడతాయి. ఇప్పుడు వేస్తున్న 'కవచ్' అనే రక్షణ వ్యవస్థ ఎర్ర సిగ్నలు దాటబోయే బండిని ఆపే పనిని కూడా చేస్తుంది.

ఇక రైలును పట్టుకోవడం సాధ్యమా అంటే, చరిత్ర జరిగిందనే చెబుతోంది. పాత చిత్రం వచ్చిన మరుసటి ఏడాది, 1975 డిసెంబరులో, నెదర్లాండ్స్‌లో ఒక రైలును సాయుధులు 12 రోజులు నిర్బంధించారు. 1977లో అదే దేశంలో మరో రైలులోని బందీలకు దాదాపు 20 రోజుల నరకం తప్పలేదు. మన వైపు చూస్తే, రీమేక్ విడుదలైన 2009లోనే, అక్టోబరు 27న, భువనేశ్వర్ నుంచి ఢిల్లీ వెళ్తున్న రాజధాని ఎక్స్‌ప్రెస్‌ను పశ్చిమ బెంగాల్‌లోని ఝార్‌గ్రామ్ సమీపంలో ఆందోళనకారులు కొన్ని గంటలపాటు అడ్డగించి ఉంచారు. అలాంటి వార్తలు వచ్చినప్పుడు ఇళ్లలో ఫోను పక్కనే కూర్చున్నవారి సంగతి ఏ సినిమా కూడా సరిగా చూపలేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ప్రశ్న: పేరులోని అంకెలకు అర్థమేమిటి? ఈ రెండు చిత్రాలేనా, ఇంకేమైనా ఉన్నాయా?
– బొబ్బిలి పాఠకురాలు

జవాబు: పెల్హామ్ బే పార్క్ స్టేషను నుంచి మధ్యాహ్నం 1 గంట 23 నిమిషాలకు బయలుదేరే రైలని అర్థం. సినిమా వచ్చాక చాలా ఏళ్లపాటు ఆ స్టేషను నుంచి ఆ సమయానికి రైలు వేయకుండా అధికారులు జాగ్రత్తపడ్డారు. జాన్ గోడీ 1973లో రాసిన నవల దీనికి మూలం. 1998లో టెలివిజన్ కోసం ఒకసారి, టొరంటోలో, తీశారు. ఆ చిత్రం గురించి ప్రత్యేకంగా చెప్పవలసింది నాకు కనిపించలేదు.

ప్రశ్న: పాత చిత్రంలో పది లక్షల డాలర్లు అడిగితే కొత్తదానిలో కోటి అడిగారు. ఇది ధరల పెరుగుదలేనా? ప్రతినాయకుణ్ణి షేర్ మార్కెట్ మనిషిగా ఎందుకు మార్చారు?
– డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: చాలా మంచి ప్రశ్న వేశారమ్మా. 1974 నుంచి 2009 వరకు అమెరికాలో ధరలు నాలుగు రెట్లకు కాస్త పైగా పెరిగాయి. ఆ లెక్కన నలభై నాలుగు లక్షల దగ్గర ఆగవలసిన మొత్తాన్ని కోటి చేశారంటే, ధరలతో పాటు ఆశ కూడా పెరిగిందనుకోవాలి. అసలు తిరకాసు ఏమిటంటే, కొత్త ప్రతినాయకుడికి ఆ కోటి ముఖ్యం కాదు. నగరంలో భయం పుడితే మార్కెట్ పడిపోతుందని, బంగారం ధర ఎగబాకుతుందని ముందే లెక్కవేసి, దాని మీద డబ్బు పెట్టి కూర్చున్నాడు. 2008లో వాల్‌స్ట్రీట్ సంస్థలు కూలి, సామాన్యుల ఉద్యోగాలూ ఇళ్లూ పోయిన మరుసటి ఏడాదే ఈ చిత్రం వచ్చింది. అప్పటి ప్రేక్షకుడికి ముసుగు దొంగ కంటే కంప్యూటరు ముందు కూర్చుని తన పొదుపును మాయం చేసినవాడే ఎక్కువ భయం కలిగించాడు. మూల చిత్రం అప్పుల్లో మునిగి, వాడిన బండ్లతో, విసిగిన ఉద్యోగులతో నడుస్తున్న న్యూయార్క్‌ది. అందులో మేయరు కూడా జలుబుతో మంచం మీద పడి ఉంటాడు. ఏ కాలం భయం ఆ కాలానిదే కాబట్టి ఈ మార్పును నేను మనసారా సమర్థిస్తాను.

ఇంకొక చిన్న మార్పు గమనించారా? పాత చిత్రంలో కంట్రోలు గది చూడటానికి జపాను అతిథులు వస్తారు. వాళ్లకు భాష రాదనుకుని గార్బర్ నోరు జారతాడు, తీరా చూస్తే వాళ్లకు ఇంగ్లీషు చక్కగా వచ్చు. కొత్త చిత్రంలో లంచం కథ నడిచేది జపాను రైలు పెట్టెల కొనుగోలు విషయంలోనే. పాత కథలో నవ్వుకు పనికొచ్చిన తీగను కొత్త రచయిత బ్రయన్ హెల్గెలాండ్ మనిషి మనస్సాక్షికి తగిలించాడు. రీమేక్ రాసేవాళ్లు నేర్చుకోవలసిన పనితనం అది.

ప్రశ్న: మేం నలుగురం మిత్రులం కలిసి లఘుచిత్రాలు తీస్తుంటాం. ఇలాంటి కథను మన విజయనగరం–రాయగడ మార్గంలో ఒక ప్యాసింజరు బండిలో జరిగినట్టు కొత్తగా రాసుకుంటున్నాం. ఏం ఉంచాలి, ఏం వదలాలి?
– ఒక యువకుడు, పార్వతీపురం

జవాబు: ముందుగా సొరంగాన్ని వదలండి. ఆ కథకు ఊపిరాడనితనం భూగర్భం వల్ల వచ్చింది. మన దగ్గర పొలాల మధ్య బండి ఆగితే పది నిమిషాల్లో ఊరు ఊరంతా గట్టు మీదికి చేరుతుంది. "ఏటి బావూ, బండి ఇక్కడాగిపోనాది?" అంటూ ఒక ముసలావిడ నీళ్ల బిందెతో నేరుగా కిటికీ దగ్గరికే వచ్చేస్తుంది. ఆమెను వెనక్కి పంపడం పోలీసులకు ఎంత కష్టమో, లోపలున్న ఆయుధధారికి అంతకంటే కష్టం. అమెరికా చిత్రంలో బందీలను మింగింది చీకటి. మీ చిత్రంలో ఆ పని ఎండ చేయాలి. మధ్యాహ్నపు వేళ ఇనుప పెట్టె కాలిపోతుంటే, సీసాలో అడుగున మిగిలిన నీళ్లు ఎవరు తాగాలన్న దగ్గరే మీ కథలో మొదటి గొడవ పుట్టవచ్చు.

ఉంచవలసింది గొంతులను. బందీలు పట్టినవాడు, వాడితో మాట్లాడేవాడు చివరి వరకూ ఒకరినొకరు చూడకుండా ఉంటేనే మంచిది. మీకు కంట్రోలు గది వేసే ఖర్చు అక్కరలేదు, చిన్న స్టేషనులో ఒక స్టేషను మాస్టరు, ఒక ఫోను, గోడ మీద గడియారం చాలు. ఆయన మాట్లాడుతుండగా అవతలి నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించి, కొంతసేపటికి ఆ ఏడుపు ఆగిపోయిందనుకోండి. బిడ్డ నిద్రపోయిందో, ఇంకేమైందో తెలియక ఆయన అడగబోయి ఆగిపోతాడు. ఆ ఫోను పట్టుకున్న చెయ్యిని చూపితే చాలు, పెట్టె లోపలికి కెమెరా వెళ్లనక్కరలేదు.

ఆయనకు లంచమో పాత పాపమో అంటగట్టే ఆలోచన ఉంటే రెండుసార్లు ఆలోచించండి. 2009 చిత్రంలో అది పండింది కాబట్టి మీకూ ఆశ పుడుతుంది, కానీ పదిహేను నిమిషాల చిత్రంలో దానికి చోటు చాలదు. సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి వెళ్లవలసిన మామూలు మనిషిగానే ఉంచండి. భాష కూడా మనదే ఉంచండి. ఆ ముసలావిడ, పోలీసు, బందీలు అందరూ ఒకే పుస్తకపు తెలుగు మాట్లాడితే ఈ నేల మీద జరిగిన కథ అనిపించదు.

రాత మొదలుపెట్టేటప్పుడు తుపాకీ సన్నివేశాలను చివరికి ఉంచి, ముందు డబ్బు సన్నివేశం రాయండి. అంత సొమ్మును మన మార్గంలో ఎవరు, ఎక్కడి నుంచి, ఏ వాహనంలో తెస్తారో, దారిలో ఏ రైల్వే గేటు పడి ఉంటుందో, బల్ల మీద పోసిన నోట్లను ఎవరి వేళ్లు లెక్కపెడతాయో రాసి పంపితే, చదివి నా అభిప్రాయం తప్పక రాస్తాను.