పాత కిడ్నీలను మరిచిపోకు

చిరంజీవి రవికి, బాబాయి ఆశీస్సులు.

మీ అమ్మ నీకు కిడ్నీ ఇవ్వడానికి పరీక్షలన్నీ పూర్తయ్యాయని, వచ్చే నెలలోనే ఆపరేషన్ అని మీ పిన్ని చెప్పింది. నాలుగేళ్ళుగా వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్తూ కూడా ఉద్యోగం వదలకుండా నెట్టుకొచ్చావని గర్వంగా ఉంది. కానీ ఆ నాలుగేళ్ళను తలుచుకుంటేనే నాకు దిగులుగా కూడా ఉంది, అందుకే ఈ ఉత్తరం.

మాత్రలు వేళ తప్పకుండా వేసుకోవాలనీ, జ్వరం వస్తే సొంత వైద్యం కూడదనీ, కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్ అనే మందు వాడుతుండగా పంపరపనస తినకూడదనీ ఆసుపత్రిలో ఎలాగూ చెబుతారు. వాళ్ళు తొందరలో చెప్పకుండా వదిలేసే అవకాశం ఉన్నది నీ పాత కిడ్నీల సంగతి. కొత్త కిడ్నీని పొత్తికడుపులో ఒక పక్కన అమరుస్తారు. నీవి రెండూ, తీయవలసిన ప్రత్యేక కారణం లేకపోతే, వెనక ఎక్కడివక్కడే ఉండిపోతాయి.

నేను డయాలసిస్ చేయించుకునే రోజుల్లో పక్క మంచం మీద ఒక మాస్టారు ఉండేవారు. మా ఇద్దరికీ కొద్ది నెలల తేడాతో కిడ్నీ మార్పిడి జరిగింది. చెకప్ రోజున, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టులు ఒకరికొకరం చూపించుకుని సంతోషపడేవాళ్ళం. ఏటా ఆయనకు స్కాన్ తీసేవారు గాని, చీటీ మీద 'గ్రాఫ్ట్ కిడ్నీ', అంటే అమర్చిన కొత్త కిడ్నీ, అని మాత్రమే ఉండేది కాబట్టి పొత్తికడుపు కుడిపక్కన జెల్ రాసి, అంతవరకే చూసి, తుడుచుకోవడానికి కాగితం చేతికిచ్చి పంపేసేవారు. వెనకున్న పాత కిడ్నీలు చూడటానికి పక్కకు తిరిగి పడుకోమని ఎవరూ అనలేదు, అడగాలని ఆయనకూ తెలియదు. ఒకనాడు మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు కదా, ఇన్ఫెక్షనే అయి ఉంటుందని మందుల షాపులో యాంటీబయాటిక్ తెచ్చుకున్నారు. రెండు రోజుల్లో ఎరుపు పోయింది, దాంతో మందు పనిచేసిందనుకున్నారు. మళ్ళీ వచ్చినప్పుడూ అదే చేశారు. చివరికి పాత ఎడమ కిడ్నీలో క్యాన్సర్ గడ్డ ఉందని తేలేసరికి అది ఊపిరితిత్తులకు పాకింది. కొత్త కిడ్నీ మాత్రం ఆయన పోయేదాకా చక్కగా పనిచేస్తూనే ఉంది. ఆ సంగతి గుర్తొస్తే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

మార్పిడి అయినవాళ్ళకు కిడ్నీ క్యాన్సర్ వచ్చే ముప్పు మామూలు జనం కంటే సుమారు 5 నుంచి 7 రెట్లు ఎక్కువ, వచ్చిన వాటిలో చాలా భాగం పాత కిడ్నీల్లోనే. ఏళ్ళ తరబడి డయాలసిస్ మీద ఉన్నవాళ్ళ కిడ్నీల్లో నీటితిత్తులు ఏర్పడతాయి, వాటిలో కొన్ని క్యాన్సర్ గడ్డలుగా మారవచ్చు. పైగా కొత్త కిడ్నీని ఒంటికి పట్టించే మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. అలాగని భయపడి మందులు మానేవు సుమా! అప్పుడు మీ అమ్మ ఇచ్చినదే పోతుంది. మొత్తం మీద చూస్తే ఈ జబ్బు వచ్చేవాళ్ళు కొద్దిమందే. చిన్నగా ఉండగానే కనబడితే ఆ పాత కిడ్నీని తీసేస్తారు, దానివల్ల కొత్తదాని పనికి లోటు రాదు.

డయాలసిస్ మీద మూడేళ్ళు దాటినవాళ్ళకు మార్పిడికి ముందే అల్ట్రాసౌండ్ చేయించమని కిడ్నీ వైద్యానికి సూచనలిచ్చే కేడీఐజీఓ (KDIGO) అనే సంస్థ 2020 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి, నీవి నాలుగేళ్ళు. ఆపరేషన్ తరువాత ఎంత తరచుగా చూడాలన్నదానికి అందరూ ఒప్పుకున్న నియమం ఒకటి లేదు కనుక నీ నెఫ్రాలజిస్టును, అంటే కిడ్నీ డాక్టరును, నువ్వే అడిగి తెలుసుకో. స్కాన్‌కు వెళ్ళిన ప్రతిసారీ చీటీలో పాత కిడ్నీల పేరు కూడా రాయించుకో. మూత్రంలో ఎరుపు ఒక్కసారి కనబడినా, అది తగ్గిపోయినా సరే, డాక్టరుకు చెప్పకుండా ఊరుకోవద్దు.

సంక్రాంతికి మేడ మీద నీ చొక్కా దగ్గర సిగరెట్ వాసన వచ్చింది. అందరిలో అడగలేక ఊరుకున్నాను. పొగ కిడ్నీ క్యాన్సర్‌కు కూడా కారణమవుతుంది రవీ. తన ఒంట్లోది కోసి ఇస్తున్న మీ అమ్మ ముఖం చూసైనా దాన్ని పూర్తిగా మానెయ్యి నాన్నా. మానలేకపోతే సిగ్గుపడకుండా నాకు చెప్పు, డాక్టరు దగ్గరికి నేనే తోడు వస్తాను.

నీ చివరి అల్ట్రాసౌండ్ రిపోర్టు ఫోటో తీసి ఈ వారంలో నాకు పంపు. అందులో రెండు పాత కిడ్నీల గురించీ రాసి లేకపోతే, ఆపరేషన్ తేదీ లోపల మళ్ళీ తీయించుకుందాం.

ఇట్లు,
మీ బాబాయి