బీ650 బోర్డు తీసేసి ఎక్స్870కి మారాలా?

బీ650 మదర్‌బోర్డు మీద రైజెన్ 5 7600 ప్రాసెసర్ వాడుతున్నానని, ఎక్స్870 చిప్‌సెట్ (బోర్డు మీద పోర్టుల పంపకం చూసే చిప్పు) ఉన్న బోర్డుకు మారితే ఆటల్లోనూ వీడియో ఎడిటింగ్‌లోనూ వేగం పెరుగుతుందా అని మీరు అడిగారు. పెరగదు. ఇంత తెగేసి చెప్పడానికి కారణం ఉంది. 2024 సెప్టెంబరులో కొత్త చిప్‌సెట్ అంటూ అమ్మకానికి వచ్చిన ఎక్స్870 బోర్డు మీదున్న హీట్‌సింకు (వేడిని లాగే లోహపు దిమ్మ) విప్పి చూస్తే, కింద కనిపించేది మీ బోర్డు మీద ఇప్పటికే ఉన్న చిప్పే. ఏఎస్‌మీడియా రూపొందించిన ప్రోమంటరీ 21 అనే ఆ చిప్పునే ఏఎండీ 2022లో బీ650 అని, తరువాత ఎక్స్870 అని, 2025లో బీ850 అని పిలిచింది. అదే చిప్పును రెండు చొప్పున పెడితే ఎక్స్670, ఎక్స్870ఈ అయ్యాయి.

మారింది చిప్పు కాదు, బోర్డు తయారీదారులకు పెట్టిన నిబంధన. ఎక్స్870 అని పేరు పెట్టుకోవాలంటే గ్రాఫిక్స్ స్లాటు పీసీఐ ఎక్స్‌ప్రెస్ 5.0 వేగంతో ఉండి తీరాలి, వెనుక యూఎస్‌బీ4 పోర్టు ఉండి తీరాలి. వినడానికి బాగానే ఉంది. అయితే ఆ యూఎస్‌బీ4ను చిప్‌సెట్ ఇవ్వడం లేదు. బోర్డు మీద విడిగా అతికించిన మరో కంట్రోలర్ ఇస్తోంది, దానికి కావలసిన నాలుగు లేన్లను (డేటా నడిచే దారులను) ప్రాసెసర్ నుంచే తీయాలి. ఏఎం5 సాకెట్‌లో కూర్చునే మీ ప్రాసెసర్ మనకు ఇచ్చేది మొత్తం 24 లేన్లు. అందులో 16 గ్రాఫిక్స్ కార్డుకు పోతే మిగిలేవి రెండు ఎస్‌ఎస్‌డీలకు చెరి నాలుగు. యూఎస్‌బీ4 వచ్చి కూర్చుంటే రెండో ఎస్‌ఎస్‌డీ వాటాకు గండి పడుతుంది. అందుకే చాలా ఎక్స్870 బోర్డుల మాన్యువల్‌లో, ఫలానా ఎం.2 స్లాటు (ఎస్‌ఎస్‌డీ గుచ్చే చోటు) నింపితే యూఎస్‌బీ4 వేగం తగ్గుతుందనో, గ్రాఫిక్స్ స్లాటు 8 లేన్లకు పడిపోతుందనో చిన్న అక్షరాలలో రాసి ఉంటుంది. డబ్బా మీద మాత్రం ఆ ముక్క ఉండదు. ఇక గ్రాఫిక్స్ స్లాటు 4.0 నుంచి 5.0కి మారడం వల్ల ఒరిగేది, ఆర్‌టీఎక్స్ 5090 అంతటి కార్డుకు కూడా ఆటల్లో ఒకటి రెండు శాతానికి మించదు.

చిప్‌సెట్ పేరును బట్టి కంప్యూటర్ వేగాన్ని అంచనా వేసే అలవాటు మనకు ఊరికే రాలేదు. చిప్‌సెట్‌లో నార్త్‌బ్రిడ్జి అనే చిప్పు ఉన్న రోజుల్లో ర్యామ్‌తోనూ, ఏజీపీ (అప్పటి గ్రాఫిక్స్) కార్డుతోనూ మాట్లాడేది అదే కాబట్టి, ఒకే అథ్లాన్ ఎక్స్‌పీ ప్రాసెసర్ వయా చిప్‌సెట్ మీద ఒక రకంగా, ఎన్‌విడియా ఎన్‌ఫోర్స్2 మీద మరొక రకంగా పరుగెత్తేది. 2003లో అథ్లాన్ 64తో ఏఎండీ ర్యామ్ కంట్రోలర్‌ను ప్రాసెసర్‌లోకి తీసుకుపోయింది. ఇంటెల్ 2008లో ఆ పనే చేసి, మరుసటి ఏడు పీ55 బోర్డులు వచ్చేసరికి గ్రాఫిక్స్ లేన్లను కూడా లోపలికి లాగేసింది. అప్పటి నుంచి చిప్‌సెట్‌కు మిగిలిన పని యూఎస్‌బీ, సాటా, అదనపు ఎస్‌ఎస్‌డీ పోర్టుల పంపకం మాత్రమే. జమీ పోయిన జమీందారుకు బిరుదు మిగిలినట్టు, బోర్డు మీద పెద్ద అక్షరాల పేరు మాత్రం ఇప్పటికీ దానిదే.

మీరు వీడియో ఎడిటింగ్ మాట ఎత్తారు కాబట్టి ఖమ్మంలో పెళ్లి వీడియోలు చేసుకునే మా బావమరిది సంగతి చెబుతాను. అతని దగ్గర బీ450 బోర్డు, రైజెన్ 5 2600 ప్రాసెసర్ ఉండేవి. మాఘమాసం ముహూర్తాల్లో పని మీద పని పడి సిస్టమ్ కదలకుండా మొరాయించేసరికి, "బావా, మన చిప్‌సెట్ పాతదైపోయిందట, కొత్త బోర్డు వెయ్యకపోతే ఫోర్‌కే లాగదట" అని ఫోన్ చేశాడు. ఆ 'అట'లన్నీ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో ఒక దుకాణం నుంచి వచ్చినవి. వాట్సాప్‌లో పంపిన కొటేషన్‌లో కొత్త బోర్డుతో పాటు, దానికి తగిన ప్రాసెసరు, పాత డీడీఆర్4 పనికిరాదు కాబట్టి డీడీఆర్5 ర్యాము, కొత్త కూలరు, ఎందుకో తెలియదుగానీ కొత్త ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె) కూడా ఉన్నాయి. పాత చిప్‌సెట్ మీద విండోస్ 11 ఎక్కదని కూడా ఆ దుకాణదారు బెదిరించాడట.

నేను బేరం ఆపమని చెప్పి, మూఢం వచ్చి పని పలుచబడిన తరువాత వెళ్లాను. మొదట గమనించింది కార్డుల కాపీ. పెళ్లికి రెండు మూడు కెమెరాలు, ఒక్కొక్క కెమెరాకు 128 జీబీ కార్డులు. ఒక్క కార్డు కాపీ కావడానికి గంట పడుతోంది. అక్కడ పనిచేసే కుర్రాడు కేబినెట్ ముందున్న నల్ల పోర్టులో కార్డ్ రీడర్ పెడుతుంటే, పక్కనున్న నీలం పోర్టులో ఎందుకు పెట్టవని అడిగాను. "అది మొదటి నుంచీ పనిచెయ్యదన్నా, బోర్డు ప్రాబ్లమట" అన్నాడు. పక్క తలుపు విప్పి చూస్తే, ముందు ప్యానెల్ నుంచి వచ్చే లావుపాటి యూఎస్‌బీ 3.0 కేబుల్ అడుగున జిప్ టైతో కట్టేసి, దుమ్ము పట్టి పడి ఉంది. సిస్టమ్ బిగించినవారు బోర్డులో దాన్ని గుచ్చనే లేదు. నల్ల పోర్టు యూఎస్‌బీ 2.0, సెకనుకు 35, 40 మెగాబైట్లకు మించి లాగదు. కేబుల్ గుచ్చి నీలం పోర్టులో పెట్టేసరికి, కార్డు తన పూర్తి వేగమైన 90 మెగాబైట్ల దగ్గర చదవడం మొదలుపెట్టి, అరగంట లోపే ఖాళీ అయింది. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో చిప్‌సెట్ మోసిన నింద అది.

రెండోది, ఫుటేజీ మొత్తం సాటా హార్డ్ డిస్కు మీద ఉంచి, అక్కడి నుంచే ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో లాగుతున్నారు. సెకనుకు 150 నుంచి 200 మెగాబైట్ల వరకు చదివే డిస్కు మీద మూడు కెమెరాల ఫుటేజీని ఒకేసారి నడిపిస్తే తల అటూ ఇటూ తిరగడానికే దానికి సమయం చాలదు. అదే బోర్డు మీద సెకనుకు 3,500 మెగాబైట్ల దాకా మోయగల ఎం.2 స్లాటు ఖాళీగా ఉంది. అందులో ఒక ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ బిగించి, నడుస్తున్న పెళ్లిళ్లను దాని మీదికి మార్చి, డెలివరీ అయిపోయినవాటిని హార్డ్ డిస్కుకు పంపే పద్ధతి పెట్టాము.

మూడోది కొంచెం లోతైనది, ఎడిటింగ్ చేసేవారు తప్పక తెలుసుకోవలసినది. కొత్త కెమెరా హెచ్.265లో 10 బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువగా ఉంచే రకం) ఫుటేజీ ఇస్తోంది. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డులు 50 సిరీస్‌కు ముందు ఆ రకాన్ని హార్డ్‌వేర్‌లో విప్పలేవు, ఇంటెల్ ప్రాసెసర్లలోని క్విక్ సింక్ అనే వీడియో విభాగం మాత్రం 11వ తరం నుంచే విప్పుతోంది. అందువల్ల అతని సిస్టమ్‌లో ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడి, ప్లే నొక్కగానే బొమ్మ నిలిచిపోయేది. ఏ కంపెనీ చిప్‌సెట్‌కూ ఇందులో ప్రమేయం లేదు. ప్రాక్సీలు (ఫుటేజీకి తేలికపాటి నకళ్లు) తయారుచేసుకుని ఎడిట్ చేయడం నేర్పితే ఖర్చు లేకుండా సగం బాధ తీరింది.

మిగిలిన సగానికి ప్రాసెసర్ మార్చాము, బోర్డును కాదు. బయోస్ (బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే ఆ బీ450 బోర్డే రైజెన్ 7 5700ఎక్స్‌ను తీసుకుంటుంది. అది 65 వాట్ల రకం కాబట్టి పాత బోర్డు వీఆర్‌ఎంకు (ప్రాసెసర్‌కు కరెంటు సరిచేసి ఇచ్చే భాగానికి) భారం కాదు. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ మార్చాలి, ఆ సమయంలో కరెంటు పోకూడదు. ఎండాకాలపు మధ్యాహ్నం ఆ పని పెట్టుకుని, యూపీఎస్ బ్యాటరీ మీద నమ్మకం లేక, ఇంటి ఇన్వర్టర్ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాక్కుని, ఫ్యాన్లు కూడా కట్టేసి ముగ్గురం చెమటలు కక్కుతూ ఆ పర్సంటేజీ పట్టీనే చూస్తూ కూర్చున్నాము. వంద శాతం అయ్యాక బయోస్‌లోకి వెళ్లి ఎఫ్‌టీపీఎం (విండోస్ 11 అడిగే భద్రతా సదుపాయం) ఆన్ చేస్తే, ఎక్కదన్న విండోస్ 11 కూడా నిక్షేపంగా ఎక్కింది. మొత్తం ఖర్చు ఒక ప్రాసెసరు, ఒక ఎస్‌ఎస్‌డీ. ఆ కొటేషన్‌లో బోర్డు, ర్యాముల ధర కూడా అంతకన్నా ఎక్కువే.

ఆ అప్‌డేట్ దొరకడం కూడా వినియోగదారులు పోట్లాడి సాధించుకున్నదే. 2020 మే నెలలో ఏఎండీ, జెన్ 3 ప్రాసెసర్లు (5700ఎక్స్ ఆ తరానిదే) బీ450, ఎక్స్470 బోర్డుల మీద పనిచేయవని ప్రకటించింది. పాత బోర్డులలో 16 ఎంబీ బయోస్ చిప్పులు సరిపోవన్నది చెప్పిన కారణం. జనం మండిపడగానే అదే నెలలో మాట మార్చుకుంది. 2022 వచ్చేసరికి 2017 నాటి ఎక్స్370, ఏ320 బోర్డులకు కూడా తలుపు తెరిచింది. 2017లో ఇంటెల్ అయితే, పాత 1151 సాకెట్‌నే ఉంచి, 8వ తరం ప్రాసెసర్ కావాలంటే జెడ్270 తీసేసి జెడ్370 కొనవలసిందేనని జనం చేత కొనిపించింది. చిప్‌సెట్ అనేది చాలాసార్లు సాంకేతిక అవసరం కాదని, అమ్మకానికి వేసుకున్న కంచె అని నేను అనుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

పేర్ల గందరగోళం గురించి కూడా చెప్పకుండా ఉండలేను. బీ840, బీ850 అని పక్కపక్కన పెట్టి చూస్తే పది అంకెల తేడా ఉన్న అన్నదమ్ములని ఎవరైనా అనుకుంటారు. నిజానికి బీ840లో ఉన్నది పాత తరపు ప్రోమంటరీ 19 చిప్పు. దాని లేన్లు 3.0 వేగం దాటవు, దాని మీద ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్‌కు (నిర్ణీత వేగాన్ని మించి నడపడానికి) కూడా వీలు లేదు. బీ650 బోర్డు ఉన్నవారు అంకె పెద్దదని మురిసి బీ840 కొంటే డబ్బిచ్చి వెనక్కి నడిచినట్టే. విడుదల రోజునే సమీక్ష వీడియోలు పెట్టేవారు ఈ ముక్క వదిలేసి, హీట్‌సింకు మీద మెరిసే లైట్ల గురించి పది నిమిషాలు మాట్లాడతారు.

కొత్త చిప్‌సెట్‌ను వచ్చిన వెంటనే కొనకూడదనడానికి ఇంకొక కారణం 2011 జనవరిలో దొరికింది. ఇంటెల్ 6 సిరీస్ చిప్‌సెట్‌లో 3 గిగాబిట్ల సాటా పోర్టులు కాలక్రమేణా క్షీణించే లోపం బయటపడి, ఆ కంపెనీ సరఫరా ఆపేసి, మరమ్మతులకు, మార్పిడులకు 70 కోట్ల డాలర్ల ఖర్చు అంచనా వేసుకోవలసి వచ్చింది. సరిచేసిన చిప్పు (బీ3 స్టెప్పింగ్) ఉన్న బోర్డుల కోసం ఆగినవారే సుఖపడ్డారు.

బోర్డు మార్చడం సబబైన సందర్భాలు లేకపోలేదు. యూఎస్‌బీ4 బయటి డ్రైవ్‌ల మీదే రోజూ పనిచేసేవారికి, వీఆర్‌ఎం మీద హీట్‌సింకు కూడా లేని చవక ఏ620 బోర్డు మీద 12 కోర్ల ప్రాసెసర్ పెట్టదలచినవారికి, పోర్టులు కాలిపోయినవారికి కొత్త బోర్డు కావాలి. నాలుగైదు ఎస్‌ఎస్‌డీలు పెట్టుకునేవారు రెండు చిప్పుల ఎక్స్870ఈ వైపు చూడవచ్చుగానీ, చిప్‌సెట్ నుంచి ప్రాసెసర్‌కు పోయే దారి అందులో కూడా నాలుగు 4.0 లేన్లే కాబట్టి, అన్ని డ్రైవ్‌లూ ఒకేసారి పరుగెత్తితే అందరూ ఆ సెకనుకు 8 గిగాబైట్ల ఇరుకులోనే తోసుకోవాలి. బీ450 లాంటి పాత ఏఎం4 సాకెట్ బోర్డు ఉన్నవారు ఏఎం5కి మారాలంటే ర్యామ్ కూడా కొనక తప్పదు. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల డీడీఆర్5 ధరలు ఏ స్థాయికి పోయాయో చూస్తే, ఇది వారికి అసలు మంచి కాలం కాదు.

మీకు ఆ బెడద లేదు, ర్యామ్ మీ దగ్గర ఉంది. ఎక్స్870 బోర్డుకు పెట్టదలచిన 20,000 పైచిలుకు రూపాయలకు ఇంకొంత కలిపి, ఆటలే ముఖ్యమైతే రైజెన్ 7 9800ఎక్స్3డీ, ఎడిటింగ్ ముఖ్యమైతే 12 కోర్ల 9900ఎక్స్ కొని మీ బీ650 మీదే బిగించండి. రెండూ బయోస్ అప్‌డేట్‌తో పనిచేస్తాయి, ఏఎం5 సాకెట్‌ను కనీసం 2027 దాకా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. డబ్బు బయటికి తీసే ముందు మాత్రం, ఆట ఆడుతున్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు వాడకం ఎంత శాతం చూపిస్తోందో గమనించండి. అది 97, 98 దగ్గర నిలిచి ఉంటే హద్దు గ్రాఫిక్స్ కార్డుదే కాబట్టి, మీకు ప్రాసెసరు కూడా అవసరం లేదు. మార్చవలసి వస్తే, ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కు కాక బోర్డు సాకెట్‌కు ఉంటాయని గుర్తుంచుకుని, పాత ప్రాసెసర్‌ను నిటారుగా పైకెత్తండి, వేలు గానీ గుడ్డ గానీ సాకెట్ లోపలికి పోనివ్వకండి. మీ బోర్డు పూర్తి మోడల్ పేరు, ఎన్ని ఎస్‌ఎస్‌డీలు ఉన్నాయో కింద రాస్తే, దాని వీఆర్‌ఎం 9900ఎక్స్‌ను మోయగలదో లేదో చూసి చెబుతాను.