విజయవాడలో మన వీధి కబురు ఎవరిని అడగాలి?

విజయవాడకు కొత్తగా వచ్చిన మీరు నీటి సరఫరా, కరెంటు కోతలు, వరద హెచ్చరికల గురించి నమ్మదగిన సమాచారం ఎక్కడ దొరుకుతుందని అడిగారు. అజిత్‌సింగ్‌నగర్‌లో చాలా కాలంగా ఉంటున్నవాడిగా నేను చెప్పేది ఒక్కటే: మీ వీధి పేరు లేని ప్రకటన మీకు ఎందుకూ కొరగాదు, కాబట్టి మీ వీధి తెలిసిన మనిషిని ముందు పరిచయం చేసుకోండి.

2024 సెప్టెంబరు 1 నాటి వరద సమయంలో ఊరంతా కృష్ణానది వైపే చూసింది. ప్రకాశం బ్యారేజీ వద్ద 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండవది జారీ చేస్తారన్న సంగతి ఇక్కడి పాతకాపులకు కంఠతా వచ్చు. ఆసారి ప్రవాహం 11 లక్షలు దాటింది. మమ్మల్ని ముంచింది మాత్రం బుడమేరు వాగు. ఎగువన దాని నీటిని కృష్ణలోకి మళ్ళించే డైవర్షన్ కాలువకు గండ్లు పడటంతో ఆ ఆదివారం సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక నీట మునిగాయి. క్యూసెక్కుల లెక్కలు వింటూ కూర్చున్న మాకు, ఫలానా వీధిలోకి ఇంత లోతు నీరు రాబోతోందని చెప్పినవారు లేరు. 2005లోనూ ఇదే ఏరు ముంచింది గనుక, ఎవరూ ఊహించలేదన్న సమాధానం నాకు రుచించదు.

కింది వాటాలోని కుటుంబం కూడా మా మేడమీదికి చేరింది. ఫోన్లలో మిగిలిన కాస్త చార్జింగూ, బ్యారేజీకి ఏదో అయిందన్న పుకార్లను ఒకరికొకరు పంపుకోవడానికే ఖర్చయింది. అప్పుడు మా వీధికి కుళాయి నీళ్ళు వదిలే మనిషి, పాల ప్యాకెట్లు పంచుతున్న పడవలో నిలబడి ప్రతి మేడ కిందా ఆగి కేక వేశాడు: "పిన్నిగారూ, కుళాయి నీళ్ళు తాగకండి, మురుగు కలిసింది. మంచినీళ్ళ ట్యాంకర్లు ఫ్లైఓవరు దగ్గరే ఆగాయి. పైపుల రోడ్డు వైపు నడిచి వెళ్ళొద్దు, అక్కడ లోతు ఎక్కువ." ఏ నీళ్ళు తాగకూడదో, మంచినీళ్ళు ఎక్కడున్నాయో, ఎటు వెళ్ళకూడదో ఆ నాలుగు ముక్కల్లోనే తెలిసింది. అంత పనికొచ్చే వార్త ఆ రోజంతా మాకు మరెక్కడా దొరకలేదు.

మామూలు రోజుల్లోనూ తీరు ఇంతే. పత్రికల జిల్లా పేజీల్లో శాలువాలు కప్పించుకునేవారి ఫొటోలకు ఉన్నంత చోటు, రేపు ఏ వీధికి నీళ్ళు రావన్న వార్తకు ఉండదు. కరెంటు కోత ప్రకటనలో "ఫలానా 11 కేవీ ఫీడరు పరిధిలో" అని వేస్తారు. ఫీడరంటే సబ్‌స్టేషను నుంచి వీధులకు కరెంటు తెచ్చే లైను; తన ఇల్లు ఏ ఫీడరు కిందికి వస్తుందో తెలిసిన గృహస్థు ఈ నగరంలో ఎంతమంది ఉంటారు?

అందువల్ల ఇల్లు మారిన వారంలోనే మీ వార్డు సచివాలయానికి వెళ్ళి, అక్కడి సిబ్బందితోనూ, మీ వీధికి నీళ్ళు వదిలే వ్యక్తితోనూ మాట్లాడి, వారి ఫోన్ నంబర్లు రాసుకోండి. అత్యవసరానికి 112, విపత్తుల సమయంలో రాష్ట్ర కంట్రోల్ రూముకు 1070 ఉన్నాయి. కరెంటు ఫిర్యాదుకు 1912కు ఫోన్ చేసేటప్పుడు బిల్లు మీది సర్వీసు నంబరు దగ్గర పెట్టుకుని, మీ ఇంటికి వచ్చే ఫీడరు పేరేమిటో కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి. పత్రికలో ప్రకటన వచ్చిన రోజున అది అక్కరకు వస్తుంది.