బట్టతల జోలికి పోకు

చిక్కడపల్లి, హైదరాబాద్

అమ్మాయీ,

నీ వ్యంగ్య రచన చదివాను. పారిశ్రామికవేత్త బొజ్జ మీద మూడు పేరాలు, బట్టతల మీద రెండు, ఆయన ఇంగ్లీషు మీద ఒకటి. ఆయన చేసిన పనుల మీద మాత్రం రెండు ముక్కలు. బొజ్జ మా పక్కింటి మాస్టారికీ ఉంది.

లండన్‌లో 1868లో మొదలైన ‘వానిటీ ఫెయిర్’ వారపత్రిక ప్రముఖుల వ్యంగ్య చిత్రాలకు పేరుపడింది. నిండు పేజీ రంగుల బొమ్మ, దానికి తోడుగా కాస్త చురుకైన గద్యం. ‘ఏప్’ పేరుతో కార్లో పెల్లెగ్రిని, ‘స్పై’ పేరుతో లెస్లీ వార్డ్ గీసేవారు. పోనుపోను ఆ బొమ్మల పదును తగ్గింది. అందులో తన బొమ్మ పడటమే గౌరవమని పెద్దలు అనుకునే దాకా వచ్చింది. 1903లో స్పై గీసిన అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ బొమ్మకు శీర్షిక ‘ఉచిత గ్రంథాలయాలు’. దాత ఉన్నాడు, ఉక్కు కూలీ లేడు. 1918లో వార్డ్‌కు సర్ బిరుదు కూడా వచ్చింది. వ్యంగ్య చిత్రకారుడికి అంతకన్నా అవమానం ఏముంటుందో నాకు తోచడం లేదు.

దాని పక్కన ఇంకో బొమ్మ పెట్టి చూడు. 1892 జూలై 6న అమెరికాలోని హోమ్‌స్టెడ్‌లో, కార్నెగీ ఉక్కు కర్మాగారం దగ్గర, కార్మికులకూ కంపెనీ రప్పించిన పింకర్టన్ అనే ప్రైవేటు కాపలా సంస్థ మనుషులకూ మధ్య కాల్పులు జరిగాయి. రెండు వైపులా ప్రాణాలు పోయాయి. కార్నెగీ అప్పుడు స్కాట్లాండ్‌లో ఉన్నాడు. మూడు రోజులకే అమెరికాలోని యుటికా పట్టణపు వారపత్రిక ఒకటి, ఒకరికొకరు అతుక్కుపోయిన ఇద్దరు కార్నెగీలను అచ్చువేసింది. ఒకడు జీతాలు కోస్తున్నాడు, రెండోవాడు గ్రంథాలయం దానం చేస్తున్నాడు. ఆ గ్రంథాలయాలు అబద్ధం కాదు, చివరికి రెండున్నర వేలు దాటాయి. ఆ మంచిని కాదనకుండానే బొమ్మ కాటు వేసింది చూశావా!

ఇక మన ఊరు. నీ కథానాయకుడికి రవీంద్రభారతిలో శాలువా కప్పారన్నావు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీ అంతకుముందు మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. మరి ఆయన బడికిచ్చిన బెంచీలు సొంత డబ్బుతో కొన్నవా, ఆ 2 శాతంలోవా? కంపెనీ వార్షిక నివేదిక తెరిచి చూడు. చట్టం అడిగిన సొమ్ముకు శాలువా, పన్నీరు, సన్మానపత్రం! నీ హాస్యమంతా అక్కడ పడి ఉంటే నువ్వు బట్టతల దువ్వుతూ కూర్చున్నావు.

పటాన్‌చెరు దగ్గర ఆయన మంచినీటి యంత్రం ప్రారంభించాడని ఒక్క ముక్కలో దాటేశావు. పరిశ్రమల వ్యర్థాలతో అక్కడి నీళ్లు పాడైన సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చెరువునూ యంత్రాన్నీ పక్కపక్కన నిలబెట్టు, విశేషణాలు అక్కర్లేదు. అయితే పాడు చేసింది ఆయన కర్మాగారమేనని కాగితం చేతిలో లేకుండా అనకు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం నేరం. రాసింది నిజమైతేనే చాలదు, ప్రజాహితం కోసం రాశావని కూడా తేలాలి.

ఈసారి పంపేటప్పుడు వార్షిక నివేదికలోని ఆ పేజీ జత చెయ్యి. బొజ్జ పేరాలు కొట్టెయ్యి, ఇంగ్లీషు మీది పేరా అన్నిటికన్నా ముందు. నాకూ ఆ భాష అంతంత మాత్రమే.